వ్యాన్ కదిలితే పొయ్యి ఆరాలి

"సన్న మంట మీద పెట్టుకుని వెళ్దామంటున్నాను. గిన్నె మీద మూత ఉంటుంది, మూత మీద రాయి ఉంటుంది. ఇంకేంటయ్యా నీ బాధ?"

"సన్న మంటయినా మంటే కద అమ్మా. వ్యాన్ కదిలితే పొయ్యి ఆరాలె. సిలిండర్‌కు రెగ్యులేటర్ ఊడాలె. గంతే."

"ఆర్పితే గచ్చిబౌలి చేరేసరికి సాంబారు చల్లారిపోద్ది. ఇవాళ చూశావుగా, జనం ఒక ముద్ద తిని ప్లేట్లు ఎలా పక్కన పెట్టేశారో."

"చూసిన."

"రేపు కూడా అలాగే అయితే ఆ మేడమ్ మనల్ని గేటు బయటికి నెట్టేద్ది. అప్పుడేం చేస్తావు? రెగ్యులేటరు ముందు పెట్టుకుని దణ్ణం పెడతావా?"

"నెడితే నెట్టనీ. కాలుడు కన్న గది నయం."

"నువ్వా నాకు గ్యాసు నేర్పేది? నలభై ఏళ్ళుగా పొయ్యి ముందు కూర్చున్నదాన్ని."

"ఇంట్ల పొయ్యి ముందు కూసున్నవు. ఇల్లు స్పీడ్ బ్రేకర్ ఎక్కదు కదమ్మా."

వెనక చట్నీకి పప్పులు వేయిస్తున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "వ్యాన్ నాది, గ్యాసు నాది. చెప్పినట్టు నడిపితే నడుపు. లేకపోతే తాళం అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాను.

ప్రభుదాసు తాళం చెవి గ్రైండరు మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నా టిఫిన్ వ్యాన్‌ని ఆరేళ్ళు నడిపిన మనిషి, మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా వెళ్ళాడు.

అందరూ సాంబారు గురించే అడుగుతారు

నేను చదివింది నాలుగో తరగతి. మాది తణుకు దగ్గర. పెళ్ళయ్యాక కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చాం. మొదట ఇంటి అరుగు మీద, తర్వాత తోపుడు బండి మీద, చివరికి వ్యాన్‌లో ఇడ్లీ, దోసె, వడ అమ్మాను. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు కంప్యూటరు ఆఫీసులకి వెళ్ళేవాళ్ళే నా బేరం. మోకాళ్ళు అరిగి రెండేళ్ళ కిందట మానేశాను. ఇప్పుడు నా కోడలు చూసుకుంటోంది.

ఈమధ్య ఉన్న ఉద్యోగాలు వదిలేసి తిండి వ్యాన్లు పెడతామని పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. మంచిదే. కూర్చోబెట్టి కాఫీ ఇస్తాను. సాంబారు పొడిలో ధనియాలు ఎన్ని అంటారు. వ్యాన్‌కి ఏ రంగు వేస్తే ఫోటోలో బాగుంటుందంటారు. "అమ్మమ్మా, సిలిండరు ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి" అని ఇంతవరకూ ఒక్కరు అడగలేదు. అడగకుండా చెబితే ముసలిదాని చాదస్తం అనుకుంటారు. అందుకని రాసి పెడుతున్నాను. కాగితం మీద ఉంటే చాదస్తం కూడా చదువులా కనబడుతుంది.

సాంబారు కుదరకపోతే గిరాకీ రేపు రాదు. సిలిండరు సంగతి కుదరకపోతే రేపు మనమే రాము. నేను ఇది పుస్తకంలో చదవలేదు. ప్రభుదాసును చూసి నేర్చుకున్నాను.

దోసెల పిండిలో సిలిండరు

అతను నాకు దొరికిన తీరు చెబుతాను. వ్యాన్ కొన్న కొత్తల్లో సిలిండరుని పాత నేత చీరతో వ్యాన్ గోడకున్న కమ్మీకి కట్టేదాన్ని. తాడు కొనడం దేనికి? మా అత్తగారి చీర అది, రెండు తరాలు కట్టినా చిరగలేదు. చీర గట్టిదే. ముడి గట్టిది కాదని నాకు తోచలేదు.

ఒకరోజు కొత్తగూడ దాటాక, అప్పటి డ్రైవరు స్పీడ్ బ్రేకర్‌ని చూసుకోకుండా ఎక్కించాడు. ముడి జారింది. సిలిండరు కూలబడి, గొట్టంతో సహా పొయ్యిని లాక్కుని, నేరుగా దోసెల పిండి గిన్నెలోకి దొర్లింది. ఆ పొద్దున పప్పు నిండుకుని సాంబారు పెట్టలేదు కాబట్టి పొయ్యి ఆరి ఉంది. నా తెలివి ఏమీ లేదు అందులో. పప్పు ఉండి ఉంటే మంట కూడా ఉండేది, ఎందుకంటే అప్పట్లో నేను వెలిగించే తీసుకెళ్ళేదాన్ని.

నేను వ్యాన్ తలుపు తీసి రోడ్డు మీద నిలబడి, కారిపోతున్న పిండిని చూసి ఏడుస్తున్నాను. వెనకే గ్యాసు సిలిండర్లు ఇళ్ళకి వేసే లారీ ఒకటి ఆగింది. అందులోంచి ఒక మనిషి దూకి, నన్ను పక్కకి జరిపి, పిండిలోకి దిగి, సిలిండరుని లేపి నిలబెట్టాడు. రెగ్యులేటరు ఊడదీశాడు. ప్లాస్టిక్ మూత బిగించాడు. దాన్ని రోడ్డు పక్కన ఖాళీ చోటుకి మోసుకుపోయి, అక్కడ పెట్టి, తిరిగి వచ్చి అన్నాడు:

"ఆఁ. ఇప్పుడు ఏడువమ్మా."

ఏడుపు ఆగి నవ్వొచ్చింది. అతనే ప్రభుదాసు. తర్వాత రెండేళ్ళకి, బరువులు మోసి నడుము పట్టేసి లారీ పని మానుకున్నాడు. డ్రైవరు కావాలని నేను నలుగురికి చెప్పి ఉంటే, వెతుక్కుంటూ వచ్చాడు.

ప్రభుదాసు పని

చేరిన మొదటి రోజు అతను వ్యాన్ నడపలేదు. వ్యాన్ కింద వెల్లకిలా పడుకుని చూశాడు. తర్వాత షెడ్డుకి తీసుకెళ్ళి, సిలిండరు పెట్టే మూల నేలకి అరచేయంత జాలీ వేయించుకొచ్చాడు.

"పైన అంత పెద్ద కిటికీ ఉందిగా, కింద కన్నం దేనికి? దుమ్మంతా లోపలికి రావడానికా?" అన్నాను.

"ఇది పొగ గాదమ్మా పైకి పోయేతందుకు. గ్యాసు నీళ్ళ లెక్క. కిందికి దిగి మూలకు కూసుంటది. దానికి తొవ్వ కింద ఉండాలె."

అన్నేళ్ళు వంట చేసినదాన్ని. ఆ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు. వ్యాన్ తయారు చేసినవాడికీ తెలియదు, చదువుకున్నవాడు.

ముళ్ళు పెంచి నేనింకా వాడుతున్న నేత చీర తీసేసి నాకు ఉతికి ఇచ్చాడు. సిలిండరు నిలబడి ఉండేలా గోడకి ఇనప చుట్టు వేయించి, దానికి లారీ బెల్టు బిగించాడు. చేత్తో ఊపితే వ్యాన్ ఊగాలి గాని సిలిండరు ఊగకూడదు, అదే అతని లెక్క. కొత్త సిలిండరు పెట్టిన ప్రతిసారీ గ్లాసులో సబ్బు నురగ చేసి గొట్టం అతుకుల దగ్గర రాసేవాడు. బుడగ వస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళని నేను చూశాను, వాళ్ళ ధైర్యానికి దేవుడే దిక్కు.

అన్నిటికన్నా నాకు నచ్చింది మేకు. డ్రైవరు సీటు వెనక ఒకే ఒక్క మేకు కొట్టాడు. పొయ్యి వెలుగుతున్నంతసేపూ తాళం చెవి దానికి వేలాడుతుంది. వ్యాన్ తీయాలంటే, సిలిండరు నుంచి రెగ్యులేటరు విప్పి తెచ్చి మేకుకి తగిలించి, తాళం చెవి తీసుకోవాలి. రెండూ ఒకేసారి మేకు మీద ఉండవు, రెండూ ఒకేసారి పనిలో ఉండవు.

"గుర్తు పెట్టుకుంటే చాలదా, ఈ తతంగం దేనికి?" అని అడిగాను.

"నీకు ఆకలైతది, నాకు నిద్ర వస్తది, గిరాకీ లొల్లి పెడుతది. మనం మర్సిపోతం. మేకుకు ఇవేం లేవు కద" అన్నాడు.

ఆగే చోటుకి చేరాక కూడా వెంటనే వెలిగించనిచ్చేవాడు కాదు. వెనక తలుపు బార్లా తీసి, తను కిందికి దిగి, వంగి వాసన చూసి, కాసేపు నిలబడేవాడు. గిరాకీ ప్లేట్లు పట్టుకుని నిలబడినా సరే. నేను పళ్ళు నూరుకునేదాన్ని. మంచి పనివాడితో వచ్చే కష్టమే అది. వాడు మనకోసం కూడా తన పని తగ్గించుకోడు.

నా పొదుపు చేసిన తప్పు

నన్ను పిసినారి అంటారు. నేను పొదుపు అంటాను. చివరికొచ్చిన గ్యాసుని వదిలేయడం నాకు చేతకాదు. ఒక చలికాలం పొద్దున, మంట సన్నబడిపోతుంటే, సిలిండరుని వేడినీళ్ళ తొట్టెలో పెట్టాను. మా వీధిలో అందరూ చేసేదే. కాస్త పుంజుకుంది. ఇంకా రావాలని, తొట్టెలోంచి తీసి నేల మీద అడ్డంగా పడుకోబెట్టాను. అంతే, మంట భగ్గుమని లేచి గిన్నె అంచు దాటింది. పసుపు రంగులో నాట్యం చేస్తోంది.

"చూశారా, ఎంత మిగిలిందో! పారేద్దామన్నారు" అని ఆడవాళ్ళ ముందు గొప్పలు పోతున్నాను. ప్రభుదాసు లోపలికొచ్చాడు. అరవలేదు. పొయ్యి కట్టేశాడు, సిలిండరు నిలబెట్టాడు, రెగ్యులేటరు విప్పి ఆరుబయటకి మోసుకెళ్ళి పెట్టి, దానికి దూరంగా గోడ మీద కూర్చున్నాడు. అరగంటసేపు ఎవరినీ అటు పోనివ్వలేదు. ఆ తర్వాత నాతో, "పడుకోబెడితే ఆవిరి గాదమ్మా, నీళ్ళ లెక్క ఉన్న గ్యాసే వస్తది పైపులకు. గంత మంట గందుకే. మిగిలింది గాదది, మీదికొచ్చింది" అన్నాడు.

నా గొప్ప చూసిన ఆడవాళ్ళే నా తప్పూ చూశారు. అతను కావాలంటే ఆ రోజు నన్ను పదిమందిలో పలుచన చేసి ఉండొచ్చు. తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. ఖాళీ అయిన సిలిండరులో అడుగున ఉన్నది కంపెనీదే అనుకుని ఇచ్చేయండి. అక్కడ మాత్రం పొదుపు వద్దు. ఈ మాట నా నోటి నుంచి రావడం నా పిల్లలకే ఆశ్చర్యం.

గేటు లోపలి చోటు

ఇంత తెలిసీ ఆ మధ్యాహ్నం అతనితో ఎందుకు పోట్లాడానో చెప్పాలి. రోడ్డు వెడల్పు చేస్తామని మేం నిలబడే చోటంతా తవ్వేశారు. నెలన్నర తిరిగినా ఎక్కడా నిలబడనివ్వలేదు. నాతో పాటు ముగ్గురు ఆడవాళ్ళు, ప్రభుదాసు, అందరి పొయ్యిలూ ఈ వ్యాన్ మీదే వెలగాలి. అప్పుడు గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆఫీసు ఆవరణలో, గేటు లోపల నిలబడటానికి అవకాశం వచ్చింది. అక్కడి వ్యవహారాలు చూసే మేడమ్ రెండు రోజులు చూస్తానంది. ఉద్యోగుల బస్సులు ఏడున్నరకి వస్తాయి, ఆ సరికి అన్నీ వేడిగా ఉండాలి అంది.

మొదటి రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని సరిగ్గా ఏడున్నరకి చేరాం. పెద్ద గిన్నె సాంబారు. తలుపు తీసి, ఆగి, వెలిగించి, అది మరిగేలోపు బస్సులు రెండు ఖాళీ అయ్యాయి. గోరువెచ్చటి సాంబారు పోశాం. మేడమ్ చూసింది. "రేపు కూడా ఇంతే అయితే నేనేం చేయలేనండి" అంది. మర్యాదగానే అంది. మర్యాదగా అన్నందుకే భయం వేసింది.

అందుకని మంట మీదే తీసుకెళ్దామన్నాను. ఆ పోట్లాట ముందే చెప్పాను.

వెంటనే ఒప్పుకున్న మనిషి

ప్రభుదాసు వెళ్ళిపోయాక పక్క వీధిలో క్యాబ్ నడిపే మనిషిని పిలిపించాను. నాలుగు మాటల్లో అయిపోయింది బేరం.

"పొద్దున్నే రావాలి."

"ఓకే ఆంటీ."

"వెనక పొయ్యి వెలుగుతూ ఉంటుంది. పర్వాలేదా?"

"నో ప్రాబ్లమ్ ఆంటీ."

"సిలిండరు ఎక్కడుందో చూస్తావా ఒకసారి?"

"నాకెందుకు ఆంటీ? నేను ముందు కూసుంట. పొయ్యి ఎన్కనే కద ఉండేది."

ఫోనులో ఎవరితోనో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కోరినట్టే ఒప్పుకున్నాడు. సంతోషం రావాలి కదా. రాలేదు. పొయ్యి వెనకే, నిజమే. వెనక కూర్చునేది నేను, నా ముగ్గురు ఆడవాళ్ళు. ప్రభుదాసు కూర్చునేది కూడా ముందే. ఆరేళ్ళుగా నాతో గొడవపడి, తిట్లు తిని, ఇవాళ తిండి కూడా మానుకుని వెళ్ళిన మనిషికి ఆ మంట తగిలేది అందరికన్నా చివర.

చెప్పిన దానికల్లా తలూపే పనివాడిని ఎప్పుడూ పెట్టుకోకండి. వాడికి మీ పని మీద గౌరవం ఉండి కాదు ఊపేది.

లింగంపల్లిలో

సాయంత్రం బస్సెక్కి లింగంపల్లి వెళ్ళాను. ప్రభుదాసు భార్య రూతమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది.

"రా అమ్మా. కోపంతోని వచ్చినవా, కోపం పోయినంక వచ్చినవా? ముందే చెప్పు, చాయ్‌ల చక్కెర గట్ల ఏస్త."

"సగం పోయింది" అన్నాను.

"మా ఆయన ఇంట్ల గూడ గిట్లనే అమ్మా. నేను స్టవ్ మీద చాయ్ పెట్టి, జర ఫోన్ ఎత్తిననుకో, స్టవ్ బంద్ చేసి కూసుంటడు. మళ్ళ పెడుత, మళ్ళ బంద్ చేస్తడు. లగ్గమైన కాంచి వేడి చాయ్ తాగింది లేదు నేను."

ప్రభుదాసు గోడకి ఆనుకుని వింటున్నాడు, నవ్వడం లేదు. నేను అతన్ని చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను.

"నిజం చెప్పు. ఎవరైనా కాలిపోవడం చూశావా నువ్వు? అందుకేనా ఇంత భయం?"

"లేదమ్మా. పన్నెండేండ్లు లారీల తిరిగిన. నేను ఏసిన సిలిండర్ ఒక్కటి గూడ అంటుకోలే."

"మరి?"

"మరేంది? చూసినంకనే నేర్చుకుంట అంటే, నాకు చూపెట్టేతందుకు ఎవలో ఒకలు కాలాలె కద. నాకోసం ఎవలు కాలాలె అమ్మా?"

రూతమ్మ చేట కింద పెట్టింది. నేను చాలామంది పెద్దవాళ్ళ మాటలు విన్నాను, గుళ్ళలోనూ, సభల్లోనూ. ఇంత తక్కువ గొంతుతో చెప్పిన ఇంత పెద్ద మాట వినలేదు.

నాకు క్షమించమని అడగడం అలవాటు లేదు. "రేపు పొయ్యి ఆర్పే వెళ్దాం" అన్నాను. నా వల్ల అయ్యేది అంతే.

"మరి సాంబారు?" అన్నాడు.

"సాంబారు సంగతి నీకెందుకయ్యా? అది నా పని."

అప్పుడు నవ్వాడు. "గట్లను. సిలిండర్ నేను చూస్త. గిన్నె నువ్వు చూడు."

చాయ్ తాగాను. చక్కెర బాగానే వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని గిన్నె గురించి ఆలోచించాను. నలభై ఏళ్ళ వంట ఎందుకుంది మరి? పెద్ద గిన్నెడు సాంబారు మరగడానికి ఆలస్యం అవుతుంది. అందులో సగం నీళ్ళే. నీళ్ళని గచ్చిబౌలి దాకా మోసుకెళ్ళి చల్లారబెట్టడం దేనికి? పప్పూ ముక్కలూ చింతపండు పులుసూ చిక్కగా ముద్దలా ఉడికించి తీసుకెళ్తే, అక్కడ ఒక పొయ్యి మీద దాన్ని వేడి చేస్తూ, రెండో పొయ్యి మీద మరిగిన నీళ్ళు పోసుకుంటే చాలు. తాలింపు కూడా అక్కడే పెట్టొచ్చు. డ్రైవరు మంట వద్దన్నాక గాని నా బుర్ర ఇటు తిరగలేదు. అంతకుముందు వంట సమస్యని గ్యాసు మీదికి తోసేశాను.

మర్నాడు పొద్దున

మర్నాడు ప్రభుదాసు రోజూ వచ్చే వేళకే వచ్చాడు. సాంబారు ముద్ద రెండు గిన్నెల్లో పెట్టి, పాత దుప్పటి చుట్టి ఎక్కించాం. సిలిండరుకి మూత నేనే బిగించాను. అతను ఆ మూత విప్పి, వంగి వాసన చూసి, మళ్ళీ బిగించాడు.

"నేను పెట్టాను కదయ్యా" అన్నాను.

"చూసిన" అన్నాడు.

పావుగంట ముందు బయల్దేరాం. ఏడు దాటిన కాసేపటికి గేటు లోపల ఉన్నాం. ప్రభుదాసు వెనక తలుపు తీసి కింద నిలబడ్డాడు. మేడమ్ వచ్చి, "పొయ్యి ఇంకా వెలిగించలేదేంటండి?" అంది.

"తలుపు తీశాక కాసేపు ఆగాలండి" అన్నాను.

ఆవిడ గడియారం చూసుకుంది. తర్వాత రెండు పొయ్యిలూ వెలిగించాం. నీళ్ళు మరిగాయి, పప్పు ముద్దలో పోశాం, పొగలొచ్చాయి. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేసి తాలింపు పెట్టేసరికి మొదటి బస్సు ఆగింది. దిగినవాళ్ళు లిఫ్టు వైపు వెళ్ళకుండా మా వైపు తిరిగారు. మేడమ్ ప్లేటు తీసుకుని, ఇడ్లీ ముంచి నోట్లో పెట్టుకోబోయి, ఆగి రెండుసార్లు ఊదుకుంది. తిన్నాక, "రేపట్నించి రోజూ రండి" అని చెప్పి లోపలికి వెళ్ళింది.

తొమ్మిదిన్నరకి గిన్నెలు ఖాళీ అయ్యాయి. తిరిగి వస్తుంటే, పక్క వీధి క్యాబ్ మనిషికి రావద్దని చెప్పడం మర్చిపోయిన సంగతి గుర్తొచ్చింది. పాపం వచ్చి వెళ్ళాడేమోనని మా పక్కింటావిడని అడిగాను.

అతను అసలు రానే లేదంది.